కారు మీటర్ల డెమో బోర్డుని నిజం కార్లో పెట్టొచ్చా?

ఈసీఈ_కుర్రాడు
మా కాలేజీ ల్యాబ్ బీరువాలో ఒక బోర్డు దొరికింది. కారు డ్యాష్‌బోర్డ్ మీటర్ల కోసమే చేసిన డెమో బోర్డు. ఎస్12జడ్‌వీహెచ్ చిప్, రెండు ముళ్ల మీటర్లు, చిన్న సెగ్మెంట్ ఎల్‌సీడీ, బజర్, కాన్ (కారు చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) కనెక్టర్ అన్నీ దాని మీదే ఉన్నాయి. ముందే ఎక్కించి ఉన్న ప్రోగ్రామ్ ఇంకా పనిచేస్తోంది. నాబ్ తిప్పితే ముల్లు ఎక్కడా వణక్కుండా తిరుగుతోంది, చూస్తూ కూర్చోవచ్చు.

మా బాబాయి దగ్గర 96 మోడల్ చిన్న కారు ఉంది. కార్బురేటర్, మూడు సిలిండర్లు. స్పీడోమీటర్ పోయి చాలా కాలమైంది, పెట్రోల్ ముల్లు ఎప్పుడు చూసినా సగం దగ్గరే ఉంటుంది. ఈ బోర్డునే డ్యాష్‌లో కూర్చోబెడితే బాబాయి కారు బాగుపడుతుంది, నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టూ అయిపోతుంది. చిప్‌కి 12 వోల్టులు నేరుగా ఇవ్వొచ్చని డేటాషీట్లో ఉంది. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగితే చాలా, ఇంకేమైనా కావాలా?

సాల్డర్_సుబ్బు
లాగొద్దు. వివరంగా రాత్రికి రాస్తాను. అప్పటిదాకా ఆ వైర్ల జోలికి పోకు.

గ్యారేజ్_బాషా
ఏ కారో చెప్పక్కర్లేదు, అర్థమైంది. దానికి కేబుల్ స్పీడోమీటర్. బెజవాడ ఆటోనగర్‌లో కేబుల్ ఇప్పటికీ దొరుకుతుంది, మీటర్ హెడ్ కూడా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. బిగించడానికి అరగంట కూడా పట్టదు. దీనికి కంప్యూటర్ ఎందుకు బాబూ?

ఈసీఈ_కుర్రాడు
బాషా భాయ్, కేబుల్ బాగానే ఉంది, మీటర్ లోపలి పళ్లు అరిగిపోయాయి. మీరు చెప్పినట్టు పాతది తెచ్చి బిగిస్తే కారు బాగవుతుంది, కానీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఏం చూపించాలి?

గ్యారేజ్_బాషా
మార్కుల కోసమా. అది ముందే చెప్పాల్సింది. కానీయ్.

కాన్‌బస్_కవిత
ముందు ఒక విషయం తేల్చుకో తమ్ముడూ. నీ బోర్డు మీద కాన్ కనెక్టర్ ఉంది కదా అని సంబరపడకు. 96 నాటి కార్బురేటర్ కార్లో కానూ లేదు, ఓబీడీ పోర్టూ (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) లేదు. కొత్త కార్లలో అయితే ఓబీడీ సాకెట్ 6, 14 పిన్నుల్లో కాన్ దొరుకుతుంది. 7డీఎఫ్ ఐడీతో అడిగితే 7ఈ8 నుంచి జవాబు వస్తుంది. 0డీ కోడ్ అంటే స్పీడు, 0సీ అంటే ఆర్‌పీఎమ్, 05 అంటే ఇంజిన్ వేడి. అంతా రెడీమేడ్.

నీ కార్లో ఏదీ అలా రాదు. స్పీడు కోసం గేర్‌బాక్స్ దగ్గర తిరిగే కేబుల్ కొస, పెట్రోల్ కోసం ట్యాంకులో ఫ్లోట్‌తో కదిలే రెసిస్టెన్స్, వేడి కోసం ఇంజిన్ బ్లాక్ దగ్గరి సెండర్, అంటే సెన్సర్. ఈ మూడింటినీ నువ్వే చదువుకోవాలి. ప్రాజెక్ట్ అసలు పని అక్కడుంది. ముల్లు తిప్పడం ఎలాగూ బోర్డు చేసి చూపిస్తోంది.

ఆర్డుయినో_అభిమాని
అంత పెద్ద బోర్డు దేనికి బ్రో? ఆర్డుయినో నానో ఒకటి, ముల్లు తిప్పే చిన్న మోటార్లు ఎక్స్27.168 స్టెప్పర్లు రెండు, స్విటెక్ ఎక్స్25 లైబ్రరీ. పిన్నులకే నేరుగా తగిలించు. కాయిల్ 280 ఓమ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి 5 వోల్టులకి 18 మిల్లీ ఆంపియర్లు. నానో పిన్ను 40 దాకా ఓర్చుకుంటుంది. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

సాల్డర్_సుబ్బు
40 అనేది ఎప్పుడూ దాటకూడని హద్దు, రోజూ నడపాల్సిన లెక్క కాదు. 18 వరకు పర్వాలేదులే. కానీ ముళ్లు నాలుగైతే 16 పిన్నులు పోతాయి, అన్ని కాయిళ్లూ ఒకేసారి పనిచేస్తే 140 దాటుతుంది. మొత్తం చిప్ గరిష్ఠ హద్దే 200. కాయిల్ ఆపినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీకి డయోడ్లు కూడా పెట్టాలి. రెండు ముళ్లకి నానో ఓకే, నాలుగు కావాలంటే వీఐడీ6606 లాంటి డ్రైవర్ చిప్ పెట్టుకో. అది నాలుగు మోటార్లని నడుపుతుంది, ఒక్కోదానికి స్టెప్, దిశ రెండు వైర్లే.

ఆర్డుయినో_అభిమాని
సరే సార్, డయోడ్లు మర్చిపోలేదు, రాయలేదంతే 😄

స్టట్‌గార్ట్_శీను
మీటర్ల తయారీ వైపే నా ఉద్యోగం. రెండు మాటలు చెప్తాను.

ఆ చిప్ బోర్డు మీద దొరకడం నీ అదృష్టం. మామూలు చిప్‌కి, దానికి తేడా ఎక్కడంటే ముల్లు సున్నాకి వచ్చిందో లేదో అదే కనిపెడుతుంది. ఈ చిన్న స్టెప్పర్లకి తాము ఎక్కడున్నామో చెప్పే సెన్సర్ ఉండదు. తాళం తిప్పగానే ముల్లుని వెనక్కి నడిపి, లోపలి అడ్డుకి ఆనించి, అదే సున్నా అనుకుంటాం. మామూలు పద్ధతిలో అయితే 315 డిగ్రీలకి సరిపడా స్టెప్పులు గుడ్డిగా వెనక్కి పంపాలి. ముల్లు ముందే సున్నా దగ్గరుంటే అడ్డుకి కొట్టుకుంటూ టకటక వణుకుతుంది. ఎస్12జడ్‌వీహెచ్‌లో కరెంటు ఇవ్వని కాయిల్లో పుట్టే వోల్టేజీని కొలుస్తారు. రోటర్ తిరుగుతుంటే అది పుడుతుంది, ఆగితే పడిపోతుంది. పడిపోయిందంటే అడ్డు తగిలినట్టు, అక్కడే ఆపేస్తారు. డెమో ప్రోగ్రామ్‌లో ఆ భాగం తీసి చదువు. ఎక్స్‌టర్నల్ అడిగితే అదే చెప్పు, ఇంకేం అడగరు.

రెండోది, ముల్లుని ఒక్కసారిగా పరిగెత్తించకు. వేగం మెల్లగా పెంచి, గమ్యం దగ్గర పడేకొద్దీ మెల్లగా తగ్గించాలి. లేకపోతే స్టెప్పులు జారిపోతాయి. జారిన సంగతి ముల్లుకి తెలీదు, నీకూ తెలీదు. 60లో పోతుంటే 50 చూపిస్తూ ఉంటుంది. మైక్రోస్టెప్‌లో ఒక్కో అడుగు డిగ్రీలో 12వ వంతు. నువ్వు చూసి మురిసిపోయిన ఆ నునుపు అంతా అక్కడిదే.

ఈసీఈ_కుర్రాడు
శీను అన్నా, చదువుతాను. కానీ ప్రోగ్రామ్ మార్చి ఎక్కించడానికి కోడ్‌వారియర్ సాఫ్ట్‌వేర్ కావాలంటోంది, బీడీఎమ్ అని ఏదో పరికరం కూడా. ల్యాబ్‌లో అది లేదు.

స్టట్‌గార్ట్_శీను
బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్ పక్కన ఇంకో చిన్న చిప్ ఉందేమో చూడు. ఉంటే ప్రోగ్రామ్ ఎక్కించే డీబగ్గర్ బోర్డు మీదే ఉన్నట్టు. లేకపోతే ఆరు పిన్నుల హెడర్‌కి బయటి బీడీఎమ్ పాడ్ తగిలించాలి. మీ సీనియర్ల దగ్గరో, పక్క కాలేజీలోనో అడుగు. కొత్తది కొనేంత పని కాదిది.

బ్లూపిల్_బుజ్జి
ఈ గోలంతా ఎందుకు, ఎస్‌టీఎమ్32 బోర్డు ఏదైనా తీసుకో. టూల్స్ ఉచితం. ఒక్క హెచ్చరిక: వాటిలో ఎఫ్103 రకం చిప్‌లో కాన్, యూఎస్‌బీ రెండూ ఒకే మెమరీని పంచుకుంటాయి, రెండూ ఒకేసారి నడవవు. అది తెలీకే చాలామంది తల బాదుకుంటారు.

కాన్‌బస్_కవిత
బుజ్జీ, అతని కార్లో కానే లేదని ఇప్పుడే చెప్పాను కదా.

బ్లూపిల్_బుజ్జి
తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుందని చెప్పానక్కా.

సాల్డర్_సుబ్బు
ఇప్పుడు కరెంటు సంగతి. చిప్ లోపల రెగ్యులేటర్ ఉంది, 12 వోల్టులు తట్టుకుంటుంది, నిజమే. కానీ కార్లో 12 వోల్టులు అనేది పేరుకే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 6 వోల్టులకి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. ఇంజిన్ నడుస్తుంటే 14 పైన ఉంటుంది. ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడిందనుకో, అప్పుడొచ్చే పోటుని లోడ్ డంప్ అంటారు. ఐఎస్ఓ 16750 పరీక్షలో 12 వోల్టుల బండికి దాన్ని 79 నుంచి 101 వోల్టుల దాకా, 40 నుంచి 400 మిల్లీసెకన్ల పాటు ఇస్తారు. కొత్త ఆల్టర్నేటర్లలో దాన్ని 35 దగ్గర అణిచే ఏర్పాటు ఉంటుంది. 96 కార్లో ఉందనుకుని కూర్చోకు. ఆ చిప్ 40 వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తుంది. అందరూ వాడే ఎల్ఎమ్2596 మాడ్యూల్ పరిమితీ అంతే.

కాబట్టి ముందు చిన్న ఫ్యూజ్, తర్వాత రివర్స్ పడకుండా డయోడ్, తర్వాత పోటుని మింగే ఆటోమొబైల్ రకం టీవీఎస్ డయోడ్, ఒక ఇండక్టర్, కెపాసిటర్, అప్పుడే బోర్డు. చిన్న టీవీఎస్ పెడితే లోడ్ డంప్‌కి అదే కాలిపోతుంది, లావుది పెట్టు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది. తాళంచెవి తీసేసినా కరెంటు ఉండే వైరు ఒకటి, తాళంతో వచ్చే వైరు ఒకటి, రెండూ కావాలి. మొదటిదానికే కట్టేసి వదిలేస్తే బాబాయి ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ ఖాళీ.

గ్యారేజ్_బాషా
సుబ్బు గారు చెప్పింది కరెక్ట్. బ్యాటరీ డౌనైతే మావాళ్లు లారీ బ్యాటరీతో జంప్ ఇస్తారు, ఒక్కోసారి 24 వోల్టులు కొట్టేస్తారు. పాత మీటర్‌కి ఏం కాదు. మీ బోర్డు పని ఆ దెబ్బతో అయిపోవచ్చు.

ఈసీఈ_కుర్రాడు
టెన్షన్ మొదలైంది. స్పీడు పల్స్ సంగతి చెప్పండి ప్లీజ్.

కాన్‌బస్_కవిత
కేబుల్ కొసకి నాలుగు అయస్కాంతాలున్న చక్రం, పక్కన అయస్కాంతాన్ని కనిపెట్టే హాల్ సెన్సర్. లేదా గేర్‌బాక్స్‌కీ కేబుల్‌కీ మధ్య బిగించే రెడీమేడ్ పల్స్ సెన్సర్ ఉంటుంది. జపాన్ లెక్కలో కేబుల్ కిలోమీటరుకి 637 సార్లు తిరుగుతుంది. నాలుగు పల్సులంటే కిలోమీటరుకి 2548. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 42 పైన, 10లో 7 మాత్రమే.

ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. సెకను పాటు పల్సులు లెక్కపెట్టి ముల్లు కదిపితే ఒక్క పల్సు తేడాకి దాదాపు కిలోమీటరున్నర ఎగురుతుంది, పైగా ముల్లు సెకను ఆలస్యంగా కదులుతుంది. లెక్కపెట్టకు. పల్సుకీ పల్సుకీ మధ్య ఎంత సమయమో టైమర్‌తో కొలువు. కారు ఆగితే పల్సులే రావు కాబట్టి, కొంతసేపు ఏమీ రాకపోతే సున్నా అనే నియమం విడిగా రాయాలి. లేకపోతే సిగ్నల్ దగ్గర ఆగిన కారు 8 చూపిస్తూ ఉంటుంది.

637 అనేది మీ కారుకి సరిపోతుందని గుడ్డిగా నమ్మకు. కొన్ని మీటర్ల డయల్ మీద చిన్న అక్షరాల్లో ఆ అంకె ఉంటుంది. లేకపోతే కొలిచిన దూరం కారుని నెట్టుకెళ్లి కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడు. టైర్ సైజు మార్చారా అని కూడా బాబాయిని అడుగు.

గచ్చిబౌలి_గోపి
మధ్యలో దూరుతున్నా. నా కార్లో మీటర్ 100 చూపిస్తే ఫోన్ జీపీఎస్ 94 అంటుంది. పాత మీటర్లైనా కొత్త మీటర్లైనా ఇంతేనా? మోసం కాదా ఇది?

స్టట్‌గార్ట్_శీను
మోసం కాదు, కావాలనే అలా పెడతారు. ఐక్యరాజ్యసమితి ఆర్39 నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, అసలు వేగంలో పదో వంతు, దాని మీద 4 కిలోమీటర్ల వరకు. అసలు 100లో పోతుంటే మీటర్ 100 నుంచి 114 మధ్య ఎక్కడున్నా సరే. టైరు అరిగినా, గాలి తగ్గినా లెక్క మారుతుంది కదా, అందుకని కంపెనీలు కాస్త పైకే పెడతాయి. కుర్రాడా, నువ్వు కూడా అచ్చంగా సరిగ్గా పెట్టకు. రెండు మూడు పైకి చూపించు.

గచ్చిబౌలి_గోపి
అంటే నేను ఇన్నాళ్లూ ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుకున్నంత వేగంగా పోలేదన్నమాట. పరువు పోయింది.

గ్యారేజ్_బాషా
చలాన్లు రాలేదుగా, సంతోషించండి సార్.

రామగుండం_రవి
ఎవరూ ఎండ గురించి మాట్లాడట్లేదేంటి? మే నెలలో మా ఊళ్లో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు డ్యాష్ మీద చెయ్యి పెట్టలేం. నేను డ్యాష్‌లో మామూలు టీఎఫ్‌టీ తెర పెట్టాను. మధ్యాహ్నం తెర మొత్తం నల్లబడేది, ఏసీ వేసి కాసేపాగితే మళ్లీ వచ్చేది. ఆ ఎల్‌సీడీ ఏ వేడి వరకు పనికొస్తుందో చూడండి ముందు.

స్టట్‌గార్ట్_శీను
మంచి మాట రవి. మామూలు చిప్‌లు 70 డిగ్రీల వరకే. కారుకి వాడే చిప్‌లని ఏఈసీ-క్యూ100 గ్రేడ్లతో పరీక్షిస్తారు: గ్రేడ్ 3 అంటే 85, గ్రేడ్ 2 అంటే 105, గ్రేడ్ 1 అంటే 125. డెమో బోర్డు మీద పెద్ద చిప్ ఆ రకమే అయి ఉంటుంది. కానీ చుట్టూ ఉన్న క్రిస్టల్, కెపాసిటర్లు, కనెక్టర్లు టేబుల్ మీద ఉండటానికి పెట్టినవి. జంపర్లు మన రోడ్ల కుదుపులకి వాటంతటవే ఊడొస్తాయి. అందుకే నా లెక్కలో డెమో బోర్డు టేబుల్ దాటకూడదు. దాని మీద నేర్చుకో, ప్రోగ్రామ్ రాసుకో, కార్లోకి విడిగా చిన్న బోర్డు చేసుకో.

ఆర్డుయినో_అభిమాని
నేను ఒప్పుకోను. నా పాత జీపులో నానోతో చేసిన మీటరే ఉంది. ఎండలోనూ వానలోనూ తిరుగుతోంది. అన్నిటికీ గ్రేడ్లు చూస్తూ కూర్చుంటే ఎవరూ ఏదీ చేయరు.

స్టట్‌గార్ట్_శీను
నీ జీపు నీది. అక్కడున్నది వాళ్ల బాబాయి. ముల్లు 40 దగ్గర ఇరుక్కుంటే ఆయన 40లోనే పోతున్నాననుకుంటారు.

సిమ్_సతీష్
నేను దీనికి తలకిందులుగా చేస్తున్నాను. ఆక్సిడెంట్ కారు నుంచి తీసిన మీటర్ క్లస్టర్ కొని, ల్యాప్‌టాప్‌లో ట్రక్ గేమ్ ఆడేటప్పుడు దాని ముళ్లు తిప్పుతున్నా. బోర్డు నుంచి కాన్ మెసేజ్‌లు పంపితే చాలు. మొదట్లో అన్ని వార్నింగ్ లైట్లూ దీపావళిలా వెలిగేవి, ఎందుకంటే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ అన్నిటి మెసేజ్‌లూ దానికి కావాలి. ఒకటి రాకపోయినా అలిగేస్తుంది.

ఎమ్‌సీపీ2515 కాన్ మాడ్యూల్ కొనేవాళ్లు దాని మీద క్రిస్టల్ చూడండి. చాలావాటి మీద 8 మెగాహెర్ట్జ్ ఉంటుంది, లైబ్రరీలో 16 అని ఉంటుంది. స్పీడు సగమైపోయి ఒక్క మెసేజ్ కూడా వెళ్లదు.

కాన్‌బస్_కవిత
దానికి తోడు, టేబుల్ మీద ఒక్క బోర్డే ఉంటే మెసేజ్ అందిందని చెప్పేవాళ్లు ఉండరు. అదే మెసేజ్‌ని పంపుతూనే ఉంటుంది. రెండో బోర్డు ఒకటి తగిలించాలి. కరెంటు తీసేసి కాన్ హై, లో వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేనట్టు.

గ్యారేజ్_బాషా
ఒక డౌటు. కిలోమీటర్ల లెక్క ఎక్కడుంటుంది దీంట్లో? పాతదాంట్లో అంకెల చక్రాలు తిరుగుతాయి, తెలుస్తుంది.

సాల్డర్_సుబ్బు
మంచి ప్రశ్న బాషా. ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా గుర్తుంచుకునే మెమరీలో ఉంటుంది. నానో చిప్‌లో ఒక్కో గడికి లక్షసార్లు రాయొచ్చు. వంద మీటర్లకోసారి అదే గడిలో రాస్తే పది వేల కిలోమీటర్లకే హామీ అయిపోతుంది. గడులు మార్చుకుంటూ వరసగా రాసి, చదివేటప్పుడు అన్నిటికన్నా పెద్ద అంకెని తీసుకోవాలి. రాతలకి అంత త్వరగా అరగని ఎఫ్‌రామ్ మెమరీ చిప్ పెడితే ఆ బాధే ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే అంకె పాడవుతుంది కాబట్టి ప్రతి అంకె పక్కనా సరిచూసుకోవడానికి ఒక చెక్‌సమ్ ఉండాలి.

గ్యారేజ్_బాషా
వెనక్కి తిప్పొచ్చా?

సాల్డర్_సుబ్బు
బాషా!

గ్యారేజ్_బాషా
నాకు కాదు. కస్టమర్లు అడుగుతుంటారు, ఏం చెప్పాలో తెలియాలిగా.

కాన్‌బస్_కవిత
కుర్రాడా, పాత మీటర్ విప్పే ముందు దాని మీది కిలోమీటర్లు కనపడేలా ఫొటో తీసి పెట్టుకో. కొత్తదాంట్లో అక్కడి నుంచే మొదలుపెట్టు. రేపు బాబాయి కారు అమ్మితే కొనేవాళ్లకి చూపించాలి.

ఈసీఈ_కుర్రాడు
సరే అక్కా. శీను అన్న చెప్పినట్టే చేస్తాను. డెమో బోర్డు టేబుల్ మీదే ఉంటుంది, కార్లోకి విడిగా బోర్డు. పెట్రోల్ ముల్లు మీద ఎవరూ చెప్పలేదు. నిన్న ట్యాంక్ సెండర్ వైరు తీసి మల్టీమీటర్ పెడితే కారు ఊగినప్పుడల్లా అంకె ఊగుతోంది.

సాల్డర్_సుబ్బు
ఊగుతుంది, లోపలున్నది పెట్రోలే కదా. పాత పెట్రోల్ మీటర్లో వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది. అది వేడెక్కడానికే టైం పడుతుంది, అందుకే ఊపు ముల్లు దాకా వచ్చేది కాదు. నువ్వు అదే పని ప్రోగ్రామ్‌లో చేయాలి: అర నిమిషం పైన సగటు తీసుకుని మెల్లగా కదుపు. తాళం తిప్పిన వెంటనే మాత్రం ఆగకుండా నేరుగా చూపించు, లేకపోతే పెట్రోల్ కొట్టించి వచ్చాక కూడా ఖాళీ చూపిస్తుంది.

సెండర్‌కి ఇచ్చే 5 వోల్టులనే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రిఫరెన్స్‌గా వాడు, అప్పుడు వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా రీడింగ్ మారదు. రెసిస్టెన్స్‌కీ లీటర్లకీ సూటి లెక్క కుదరదు, ట్యాంకు ఆకారం వంకరగా ఉంటుంది. ఖాళీ చేసి కొన్ని లీటర్ల చొప్పున పోస్తూ పట్టిక రాసుకో. ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుందన్నావు కదా, ఫ్లోట్ ఇరుక్కుందేమో, ట్యాంకు ఎర్త్ తుప్పు పట్టిందేమో ముందు చూడు. సెండరే పోతే ఏ చిప్ పెట్టినా సగమే చూపిస్తుంది.

గ్యారేజ్_బాషా
ఎర్తే అయి ఉంటుంది. ఈ వయసు కార్లలో పదికి ఎనిమిదిసార్లు అంతే. బోల్టు విప్పి సాండ్‌పేపర్ కొట్టి బిగించు. ట్యాంకు దగ్గర పని చేసేటప్పుడు బ్యాటరీ వైరు తీసెయ్, సిగరెట్టు వాళ్లని దూరంగా ఉంచు.

బ్లూపిల్_బుజ్జి
ఆర్‌పీఎమ్ మీటర్ కూడా పెట్టరాదూ? ఆ కారుకి కంపెనీ ఇవ్వలేదు, నువ్వు ఇస్తే ఎక్స్‌టర్నల్ ఫ్లాట్.

ఈసీఈ_కుర్రాడు
పెట్టాలనే ఉంది. ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ నుంచి వైరు లాగితే వస్తుందా?

సాల్డర్_సుబ్బు
వస్తుంది, కానీ దాంతోపాటు మూడు నాలుగు వందల వోల్టుల పోటు కూడా వస్తుంది. నేరుగా పిన్నుకి ఇస్తే చిప్ అక్కడికక్కడే పోతుంది. పెద్ద రెసిస్టర్, జీనర్ డయోడ్, వెలుగుతో సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్ పెట్టి తీసుకో. మూడు సిలిండర్లు కాబట్టి ఇంజిన్ చుట్టుకి ఒకటిన్నర పల్సు, 3000 ఆర్‌పీఎమ్ అంటే 75 హెర్ట్జ్. నెట్‌లో దొరికే ప్రోగ్రామ్‌లలో నాలుగు సిలిండర్ల లెక్క ఉంటుంది, చుట్టుకి రెండు. అది మార్చకుండా వాడితే 3000కి 2250 చూపిస్తుంది.

ఈసీఈ_కుర్రాడు
ఆప్టోకప్లర్ పీసీ817 ఉంది ల్యాబ్‌లో. సరిపోతుందా?

సాల్డర్_సుబ్బు
75 హెర్ట్జ్‌కి ధారాళంగా సరిపోతుంది. లోపలి ఎల్‌ఈడీకి రివర్స్‌లో ఒక 4148 డయోడ్ పెట్టడం మర్చిపోకు. సర్క్యూట్ గీసి ఇక్కడ పెట్టు, బోర్డు చేయించే ముందు చూస్తాను.

గ్యారేజ్_బాషా
అంతా అయ్యాక రేటు చెప్పు బాబూ. మా షెడ్డులో ఇలాంటివి ఇంకో రెండు కార్లున్నాయి.

ఆర్డుయినో_అభిమాని
బాషా భాయ్, నా నానో మీటర్ తక్కువకే ఇస్తా 😄

స్టట్‌గార్ట్_శీను
డయోడ్లు పెట్టాడో లేదో చూసి కొనండి.